తాతయ్య నెగెటివ్‌లు స్కాన్ చేసి పారేయొచ్చా?

ప్రశ్న: మా తాతయ్య జీవితమంతా ఫొటో స్టూడియో నడిపారు. ఈమధ్యే పోయారు. స్టూడియో ఖాళీ చేస్తే పెట్టెల కొద్దీ నెగెటివ్‌లు, ప్రింట్లు, కొన్ని గ్లాస్ ప్లేట్లు బయటపడ్డాయి. కొన్ని ప్రింట్లు పసుపెక్కాయి. కలర్ ఫొటోలు ఎర్రగా తిరిగాయి. ఒక పెట్టె మూత తీస్తే వెనిగర్ వాసన గుప్పుమంది. "అన్నీ ఫోన్‌తో తీసి హార్డ్ డిస్క్‌లో పెట్టుకుందాం, ఇవన్నీ పారేద్దాం" అంటున్నాడు అన్నయ్య. నాకు మనసొప్పడం లేదు. డార్క్‌రూమ్ పని నేర్చుకుని నేనే ప్రింట్లు వేయాలని ఉంది. కానీ నేను వేస్తే అవి తాతయ్య ఫొటోలు అవుతాయా? పైగా వాటిలో ఉన్నవాళ్లలో చాలామంది ఎవరో మాకు తెలియదు. అలాంటివి దాచి ఏం లాభం అని ఇంట్లో అడుగుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

సమాధానం: పారేయకండి. ముందు ఈ ఒక్క మాట మీ అన్నయ్యకు చెప్పి, మిగతాది ఇద్దరూ కలిసి చదవండి. స్కాన్ చేయాలన్న ఆయన ఆలోచన మంచిదే, చేసి తీరాలి కూడా. స్కాన్ అయిపోయాక అసలుతో పనిలేదు అనుకోవడం దగ్గరే నాకు పేచీ.

అన్నిటికన్నా ముందు ఆ వెనిగర్ వాసన పెట్టె సంగతి ఇవాళే చూడండి. అది ఎసిటేట్ ఫిల్మ్. వేడికీ తేమకూ ఆ ఫిల్మ్ విరిగిపోతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. వెనిగర్‌లో ఉండేదీ అదే. ఆ ఆమ్లం మళ్లీ ఫిల్మ్‌నే తినేస్తుంది కాబట్టి ఒకసారి మొదలయ్యాక వేగం పెరుగుతూనే ఉంటుంది. పక్కనున్న ఫిల్మ్‌కూ అంటిస్తుంది. ఆ పెట్టెను మిగతా వాటికి దూరంగా, గాలి ఆడే చల్లని చోట పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టొద్దు, ఆవిరి లోపలే ఉండిపోతుంది. జరిగిన నష్టాన్ని వెనక్కి తిప్పలేం. ఫిల్మ్ అడుగు కుంచించుకుపోతుంది కానీ పైనున్న, బొమ్మ ఉండే జెలటిన్ పొర కుంచించుకోదు. అందుకే ముడతలు పడి పొర లేచిపోతుంది. ఆ దశకు రాకముందే స్కాన్ చేయాలి. మీ స్కానింగ్ పని ఆ పెట్టెతోనే మొదలవ్వాలి.

ఇంకో జాగ్రత్త. మరీ పాత ఫిల్మ్ ఏదైనా ఉంటే అంచు మీద ఏం రాసి ఉందో చూడండి. 'సేఫ్టీ' అన్న మాట ఉంటే భయం లేదు. 'నైట్రేట్' అని ఉన్నా, ఏమీ లేకుండా ఫిల్మ్ గోధుమరంగుకు తిరిగి జిగురుగా అంటుకుంటున్నా అది సెల్యులోజ్ నైట్రేట్ కావచ్చు. చాలా తేలిగ్గా అంటుకుని మండే సరుకు అది. కొడాక్ దాని తయారీని 1951లో ఆపేసింది. అలాంటిది కనిపిస్తే అల్మారాలో కుక్కకండి, ముక్క కోసి కాల్చి చూడకండి. ఫిల్మ్ భద్రపరిచే సంస్థల వాళ్లను అడిగి వాళ్లు చెప్పినట్టు చేయండి. గ్లాస్ ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటే విడదీసి, ఒక్కొక్కదాన్నీ కాగితంలో చుట్టి, పొడవు అంచు మీద నిలబెట్టండి. పేరిస్తే కిందివి పగులుతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తలో నెగెటివ్ అన్నదే లేని పద్ధతి రాజ్యమేలింది. 1839లో ప్రపంచానికి తెలిసిన డాగెర్ పద్ధతిలో వెండి పూత పూసిన రాగి రేకు మీద నేరుగా బొమ్మ పడేది. అద్భుతమైన వివరం, కానీ ఒక్కటే ప్రతి. అది పోతే పోయినట్టే. అదే కాలంలో ఇంగ్లండ్‌లో టాల్బట్ కాగితం మీద నెగెటివ్ తీసి, దాన్నుంచి ఎన్ని ప్రింట్లయినా వేసే దారి పట్టాడు. 1841లో పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత నూటయాభై ఏళ్ల పాటు స్టూడియోలు ఎక్కువగా నడిచింది ఆ దారిలోనే. అప్పటినుంచీ ఫొటో రెండు చోట్ల ఉండటం మొదలైంది. వెలుతురు వదిలి వెళ్లినదంతా నెగెటివ్‌లో ఉంటుంది. దాంతో ఫొటోగ్రాఫర్ ఏం చేయదలచుకున్నాడో ప్రింట్‌లో ఉంటుంది. మీ దగ్గర రెండూ ఉన్నాయి. ఏది పారేసినా సగం తాతయ్యను పారేసినట్టే.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ యువకుడిగా ఉన్నప్పుడు పియానిస్టు కావాలనుకున్నాడు. అందుకేనేమో, నెగెటివ్ స్వరలిపి అనీ ప్రింట్ కచేరీ అనీ అనేవాడు. 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ అనే ఊరి మీద చంద్రోదయాన్ని తీసిన ఫొటో ఆయనకు అన్నిటికన్నా పేరు తెచ్చింది. ఆ ఒక్క నెగెటివ్ నుంచి 1,300కు పైగా ప్రింట్లు వేశాడు. అవన్నీ ఒకలా ఉండవు. మొదట్లో వేసినవాటిలో ఆకాశం బూడిదరంగులో, మబ్బుల జాడతో ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆకాశాన్ని ఇంకా ఇంకా నల్లగా దించుతూ వచ్చాడు. మధ్యలో 1948లో నెగెటివ్ కింది భాగాన్ని రసాయనంతో మరింత చిక్కబరిచాడు కూడా. నెగెటివ్ ఒక్కటే ఉండి ఈ ప్రింట్లు లేకపోతే ఆయన మనసు ఎటు కదిలిందో మనకు తెలిసేది కాదు.

మీ తాతయ్య పని కూడా అంతే. దాన్ని మీ కళ్లతో మీరే చూడొచ్చు. ఒక పోర్ట్రెయిట్ నెగెటివ్ తీసుకోండి, పెద్ద సైజుదైతే మేలు. అంచులు మాత్రమే పట్టుకుని, మెరుపు లేని వైపు మీవైపు ఉండేలా, కిటికీ వెలుతురుకు కొంచెం వాల్చి చూడండి. ముఖం దగ్గర, ముఖ్యంగా కళ్ల కింద, ముక్కు పక్క మడతల్లో, నుదుటి గీతల మీద సన్నటి బూడిదరంగు మెరుపు కనిపిస్తుంది. భూతద్దం పెడితే అది చిన్నచిన్న కామాల్లాంటి గీతలుగా విడిపోతుంది. అదంతా పెన్సిల్ పని.

స్టూడియోల్లో టచింగ్ అనేది దీన్నే. వాలుగా ఉండే ఒక బల్ల, దాని మధ్యలో గరుకు గాజు, కింద నుంచి వెలుతురు. నెగెటివ్‌ను గాజు మీద పెట్టి, పెన్సిల్ పట్టు దొరకడానికి కొంచెం వార్నిష్ లాంటి మందు రాస్తారు. గట్టి పెన్సిల్‌ను సూదిలా చెక్కి, గంటల తరబడి వంగి కూర్చుని ఆ గీతలు పెడతారు. నెగెటివ్‌లో వెలుగూ నీడా తారుమారవుతాయి. ముఖం మీది ముడత నీడగా ఉంటుంది కాబట్టి నెగెటివ్‌లో అక్కడ పలచగా ఉంటుంది. ఆ పలచనను పెన్సిల్‌తో నింపితే ప్రింట్‌లో ముడత తేలికవుతుంది. తెల్లగా పడబోయేదాన్ని తగ్గించాలంటే సన్నటి కత్తితో పొరను గీకుతారు. ఒక్క గీకు ఎక్కువైతే నెగెటివ్ పోయినట్టే. వెనక పరదా మీద మరకో, పక్కన అక్కర్లేని వస్తువో ఉంటే ఎర్రరంగు పూసి మూసేస్తారు. ప్రింట్‌లో అక్కడ తెల్లగా వస్తుంది. మీ పెట్టెల్లో అంచుల వెంట ఎర్రగా పూసిన నెగెటివ్‌లు కనిపిస్తే మరకలనుకుని తుడవకండి.

ఎవరి ముడతలు ఎంత తగ్గించాడు, ఎవరివి ముట్టుకోలేదు, ఏ ముసలాయన నుదురు అలాగే వదిలేశాడు అన్నది ఆ పెన్సిల్ గీతల్లో తెలుస్తుంది. మనిషి ముఖాన్ని ఎలా చూశాడన్నది కూడా తెలుస్తుంది. ఫోన్‌తో తీసిన ఫొటోలో ఇది రాదు. నా ఆరాటమంతా దీని గురించే. స్టూడియో ఫొటోగ్రాఫర్లకు ఈ బల్ల ముందు చాలా సమయం గడిచేది. అయినా ఆ పని కనబడకుండా ఉంటేనే బాగా చేసినట్టు లెక్క.

ప్రింట్ల వెనక వైపు కూడా చూడండి. ఎన్ని సెకన్లు వెలుతురు ఇచ్చాడో, ఎక్కడ కత్తిరించాలో, ఏ మూల ఇంకా నల్లబరచాలో పెన్సిల్‌తో రాసుకునే అలవాటు చాలామందికి ఉంటుంది. గీతలు గీసి పాడుచేసినట్టు కనిపించే ప్రింట్ ఒక్కోసారి చక్కటి ప్రింట్ కన్నా విలువైనది. మీరు డార్క్‌రూమ్‌లో నిలబడిన రోజున మీకు పాఠం చెప్పేది అదే.

మీ రెండో ప్రశ్న, మీరు ప్రింట్ వేస్తే అది తాతయ్య ఫొటో అవుతుందా అన్నది. ఇది కొత్త ప్రశ్న కాదు. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియర్ బ్రెసన్ తన ఫొటోలు తాను ప్రింట్ చేసుకునేవాడు కాదు. పారిస్‌లో 1950లో లాబ్ పెట్టిన పియెర్ గాస్‌మాన్ దగ్గర వాటిని వేయించేవాడు. ఫొటో కింద గాస్‌మాన్ పేరు ఉండదు కానీ ఆయన చేతులు లేకుండా ఆ ప్రింట్లు లేవు. ఇక ఫొటోగ్రాఫర్ పోయాక ఇంకొకరు ప్రింట్ చేయడం కూడా ఉన్నదే. పారిస్ వీధుల్ని జీవితమంతా తీసిన యూజీన్ ఆట్జే 1927లో పోతే, అక్కడ పనిచేస్తున్న బెరెనీస్ అబట్ అనే యువ ఫొటోగ్రాఫర్ ఆయన నెగెటివ్‌లూ ప్రింట్లూ కొని అమెరికా తీసుకెళ్లి దశాబ్దాల పాటు కాపాడింది. కొన్ని తనే ప్రింట్ వేసింది. ఆట్జే వాడిన కాగితం వేరు, ఆమె వాడినది వేరు. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. కానీ అవి తను వేసినవన్న సంగతి ఆమె ఎక్కడా దాచలేదు. 1968లో ఆ సేకరణ న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌కు చేరింది.

మీకు అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ లీ ఫ్రీడ్‌లాండర్. న్యూ ఆర్లియన్స్‌లో ఇ.జె. బెలాక్ అనే ఫొటోగ్రాఫర్ 1912 ప్రాంతంలో తీసిన గ్లాస్ ప్లేట్లు 89 ఆయన చేతికి వచ్చాయి. తనూ గొప్ప ఫొటోగ్రాఫరే, తన పద్ధతిలో వేసుకుని ఉండొచ్చు. కానీ ఆ ప్లేట్ల కాలంలో ఏ కాగితం వాడేవాళ్లో తెలుసుకుని, ఆ పాత పద్ధతి నేర్చుకున్నాడు. బొమ్మ తేల్చే మందు, అంటే డెవలపర్, లేకుండా వెలుతురులో ఉంచితే దానంతటదే మెల్లగా బొమ్మ తేలే కాగితం అది. దాని మీద వేసి బంగారు ద్రావణంలో ముంచి రంగు మార్చాడు. 1970లో ఆ ప్రింట్లు ప్రదర్శనకు వచ్చాయి. వాటిని బెలాక్ ఫొటోలనే అంటారు, ప్రింట్లు ఫ్రీడ్‌లాండర్‌వి అని పక్కన రాస్తారు. మీరూ అంతే చేయండి. ముందు తాతయ్య వేసిన ప్రింట్లు కొన్ని ఎదురుగా పెట్టుకుని ఆయనకు ఎంత నలుపు ఇష్టమో, ముఖాలు ఎంత తెలుపుకు వదిలేవారో చూసుకోండి. వెనకాల 'నెగెటివ్ తాతయ్యది, ప్రింట్ నాది' అని తేదీ వేసి రాయండి. ఆ తర్వాత మీకు తోచినట్టు ఇంకొకటి వేసుకున్నా తప్పేమీ లేదు.

పసుపెక్కిన ప్రింట్లకు కారణం చాలావరకు హైపో. బొమ్మ తేలిన తర్వాత మిగిలిపోయిన వెండి లవణాలను కరిగించి తీసేసే మందు అది. ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ దాని గుణాన్ని 1819లోనే కనిపెట్టాడు. 1839లో ఫొటోలు నిలబెట్టడానికి పనికొస్తుందని చెప్పాడు. అది లేకపోతే ఫొటోగ్రఫీయే లేదు. కానీ పని అయ్యాక దాన్ని నీళ్లతో పూర్తిగా కడిగేయాలి. మిగిలిపోతే అందులోని గంధకం మెల్లగా వెండిని పసుపు, గోధుమ రంగుల్లోకి మారుస్తుంది. ఈ తలనొప్పి ఎంత పాతదంటే, ప్రింట్లు ఎందుకు వెలిసిపోతున్నాయో తేల్చడానికి లండన్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ 1855లోనే ఒక కమిటీ వేసింది. సరిగ్గా కడగకపోవడాన్ని ఆ కమిటీ ముఖ్య కారణంగా ఎత్తి చూపింది. కాబట్టి మీరు ప్రింట్లు వేసేటప్పుడు నీళ్ల దగ్గర తొందరపడకండి. ప్లాస్టిక్ పూత కాగితమైతే మందు లోపలికి ఇంకదు కాబట్టి కొద్ది నిమిషాలు కడిగితే సరిపోతుంది. పాత తరహా మందపు కాగితానికి గంట దాకా పడుతుంది.

పసుపెక్కిన ప్రింట్‌ను మళ్లీ రసాయనాల్లో ముంచి బాగుచేయబోకండి. స్కాన్ చేసి ఆ కాపీ మీద ఎంత సరిచేసుకున్నా పరవాలేదు. ప్రింట్ అంచుల్లో నీలిరంగు లోహపు మెరుపు కనిపిస్తే అది మురికి కాదు, వెండి పైకి తేలడం వల్ల వచ్చింది. రుద్దొద్దు. ఫ్రేమ్ గాజుకు అంటుకుపోయిన ఫొటో ఉంటే లాగొద్దు, గాజుతోపాటే స్కాన్ చేయండి. బూజు పట్టిన నెగెటివ్‌ను నీళ్లలో అసలే పెట్టకండి. బూజు తిన్న జెలటిన్ నీళ్లలో కరిగి బొమ్మతో సహా కొట్టుకుపోతుంది.

కలర్ ఫొటోల సంగతి వేరు. వాటిలో వెండి ఉండదు, రంగులే ఉంటాయి. మూడు రంగులూ ఒకే వేగంతో వెలవవు. నీలి ఛాయ ముందు పోతే ఎరుపు మిగులుతుంది. స్కాన్‌లో రంగులు చాలావరకు వెనక్కి తేవచ్చు. అసలును చీకట్లో, చల్లగా పెడితే ఆ వెలవడం నెమ్మదిస్తుంది.

స్కానింగ్‌కు ఫోన్ సరిపోదు. ఏమేం ఉన్నాయో జాబితా రాసుకోవడానికి మాత్రం వాడుకోండి, దానికి భేషుగ్గా పనికొస్తుంది. అసలు స్కాన్‌కు కింద నుంచి వెలుతురు వచ్చే ఫ్లాట్‌బెడ్ స్కానర్ గానీ, లైట్ ప్యానెల్ మీద పెట్టి మాక్రో లెన్స్ కెమెరాతో తీయడం గానీ మంచిది. మాస్టర్ కాపీని వివరం పోకుండా దాచే టిఫ్ ఫైల్‌గా పెట్టుకోండి, జేపెగ్ పంచుకోవడానికి. ఫ్రేమ్ లోపలే కత్తిరించకుండా నెగెటివ్ అంచులతో సహా తీయండి. నంబర్లూ ఫిల్మ్ పేరూ అక్కడే ఉంటాయి. దుమ్మూ గీతలూ వాటంతటవే తీసేసే సౌకర్యం చాలా స్కానర్లలో ఉంటుంది. అది ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పనిచేస్తుంది. నలుపు తెలుపు ఫిల్మ్‌లోని వెండి ఆ కాంతిని అడ్డుకుంటుంది కాబట్టి బొమ్మనే గీత అనుకుని చెరిపేస్తుంది. వీటికి దాన్ని ఆపేయండి.

దాచడానికి ఆమ్లం లేని కాగితపు కవర్లు గానీ, పాలిప్రొపిలీన్, పాలియెస్టర్ కవర్లు గానీ వాడండి. పీవీసీ వద్దు. రబ్బరు బ్యాండ్లూ జెమ్ క్లిప్పులూ ఇవాళే తీసేయండి. రబ్బరులో గంధకం ఉంటుంది, క్లిప్పు తుప్పు పడుతుంది. అటకా స్నానాలగది పక్క గోడా కాకుండా, ఇంట్లో వేడీ తేమా తక్కువ మారే గది ఏదో చూడండి.

నేర్చుకోవడం గురించి. మీ దగ్గర పెద్ద సైజు నెగెటివ్‌లు ఉన్నాయి కాబట్టి బొమ్మను పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ కోసం ఎదురుచూడక్కర్లేదు. కాంటాక్ట్ ప్రింట్‌తో మొదలుపెట్టండి. ఎర్రలైటు కింద కాగితం పొర పైకి పెట్టి, దాని మీద నెగెటివ్ పొర కిందికి పెట్టి, గాజు మూసి, కొన్ని సెకన్లు తెల్లలైటు వేస్తే చాలు. ముందు అట్టముక్క జరుపుతూ ఒకే కాగితం మీద అయిదు, పది, పదిహేను సెకన్లు వేసి చూసుకోండి. తడి ప్రింట్ ఎప్పుడూ తేలిగ్గా, మెరుస్తూ కనిపిస్తుంది. ఆరాక ఒక పిసరు నల్లబడుతుంది. అందుకే ట్రేలో చూసి మురిసిపోయి లెక్క ఖాయం చేసుకోకుండా, ఆరబెట్టి చూశాకే సెకన్లు రాసుకోండి. కొన్ని డెవలపర్లలో ఉండే మెటాల్ అనే రసాయనం కొందరి చర్మానికి పడదు, దద్దుర్లు వస్తాయి. గ్లవ్స్ వేసుకోండి, గదిలో గాలి ఆడనివ్వండి. మొదటి పాఠాలకు ఏ వెనిగర్ వాసనా లేని, ఒకే మనిషివి నాలుగైదు ఉన్న నెగెటివ్‌లలోంచి ఒకటి తీసుకోండి. టెన్షన్ తగ్గుతుంది.

ఆఖరుకు, ఎవరో తెలియని ముఖాలు. అమెరికాలో హీబర్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో డిస్‌ఫార్మర్ అనే స్టూడియో ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. చుట్టుపక్కల రైతులూ, సైన్యానికి వెళ్లే కుర్రాళ్లూ, చంటిపిల్లల తల్లులూ వచ్చి ఆయన ముందు నిలబడేవాళ్లు. 1959లో ఆయన పోయాక ఎవరో పూనుకుని ప్లేట్లు కాపాడబట్టి 1970లలో అవి లోకానికి తెలిశాయి. ఆ తర్వాత ఆ కుటుంబాల ఆల్బమ్‌లలో ఉన్న పాత ప్రింట్లు కూడా బయటికొచ్చాయి. మీ విషయంలో కూడా ఎవరో తెలియని ముఖం ఇంకో ఇంట్లో ముత్తవ్వ అయి ఉంటుంది. వాళ్ల దగ్గర ఆమెది ఇంకో ఫొటో లేకపోవచ్చు.

కానీ ఒక పద్ధతి పాటించండి. వాళ్లు మీ తాతయ్యను నమ్మి ముఖం చూపించినవాళ్లు. అన్నీ తీసుకెళ్లి సోషల్ మీడియాలో గుప్పించకండి. ముందు స్టూడియో రిజిస్టర్ వెతకండి. నెగెటివ్ అంచు మీద గానీ, కవర్ మీద గానీ రాసిన నంబరు రిజిస్టర్‌లోని నంబరుతో కలిస్తే పేరూ తేదీ రెండూ దొరుకుతాయి. నెగెటివ్‌లను కొత్త కవర్లలోకి మార్చేటప్పుడు పాత కవర్లు పారేయకుండా ఆ వరసలోనే దాచండి. ఒకే రోజు ఒకే కుటుంబం తీయించుకున్నవి పక్కపక్కన ఉంటాయి కాబట్టి ఆ వరస కూడా ఒక ఆధారమే. తాతయ్యతో పనిచేసినవాళ్లూ, ఆయన తరం వాళ్లూ ఉంటే పదేసి ప్రింట్లు తీసుకెళ్లి చూపించండి. పేరు తెలిస్తే కవర్ మీద మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ వద్దు. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో పక్కన రాయండి. ఒకే ముఖానికి ఇద్దరు రెండు పేర్లు చెప్పడం మామూలే, అలాంటప్పుడు రెండూ రాసి ఉంచండి.